టెక్ సందేహాలు: లేక్ డిస్ట్రిక్ట్ కాటేజీకి వెళ్తున్నారా?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఇంగ్లండ్‌లో ఉంటూ వేసవికి లేక్ డిస్ట్రిక్ట్‌లో (ఇంగ్లండ్ వాయవ్యాన కొండలూ సరస్సులూ ఉన్న ప్రాంతం) వంటిల్లున్న కాటేజీ తీసుకున్నవాళ్లవే.

వాస్‌డేల్ లోయలో కాటేజీ బుక్ చేశాం. ముందు ఆంబుల్‌సైడ్ ఊరు చూసి అటునుంచి వెళ్దామంటే గూగుల్ మ్యాప్స్ కొండల మీదుగా దగ్గర దారి చూపిస్తోంది. కారు నడపడం ఈ మధ్యే నేర్చుకున్నాను. వెళ్లొచ్చా? (స్లౌ)

వద్దండీ. అది రైనోస్, హార్డ్‌నాట్ కనుమల దారి. హార్డ్‌నాట్ దగ్గర వాలు 33 శాతం, అంటే మూడు మీటర్లు ముందుకు వెళ్లేసరికి ఒక మీటరు పైకి. ఒక్క కారు పట్టే రోడ్డు. ఎదురుగా మరో కారు వస్తే ఎవరో ఒకరు ఆ వాలులోనే రివర్స్ చేయాలి. యాప్ దూరం, సమయం లెక్క చూసుకుంటుంది తప్ప మీ క్లచ్ సంగతి దానికి పట్టదు.

చుట్టూ తిరిగే దారి ఏ590, ఏ5092, ఏ595. యాప్‌ను అటు మళ్లించాలంటే రూట్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, యాడ్ స్టాప్‌లో బ్రాటన్-ఇన్-ఫర్నెస్ పెట్టండి. అదొక్కటే పెడితే అక్కడి నుంచి కార్నీ ఫెల్ మీదుగా మళ్లీ కొండెక్కించే అవకాశం ఉంది. అందుకే రెండో స్టాప్‌గా బూటిల్ పెట్టాలి. లివర్‌పూల్ పక్కన కూడా ఒక బూటిల్ ఉంది, పేరు కింద కంబ్రియా అని ఉన్నదే ఎంచుకోండి. స్టాపులు బ్రాటన్, బూటిల్, ఆ తర్వాత కాటేజీ అనే వరసలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆంబుల్‌సైడ్ తర్వాత చూసుకుందాం అనుకుంటే ఇంకా సులువు: స్లౌ నుంచి వచ్చేటప్పుడు ఎం6 మీద 36వ జంక్షన్‌లో దిగి నేరుగా ఏ590 పట్టుకోవచ్చు.

ఇంకో మాట. పల్లెల్లో ఒకే పోస్ట్‌కోడ్ కింద దూరదూరంగా ఉన్న ఇళ్లు వస్తాయి. పోస్ట్‌కోడ్ నమ్ముకుంటే ఏ గొర్రెల దొడ్డి గేటు ముందో తేలతారు. ఇంటి ఓనర్‌ను మ్యాప్ పిన్ అడిగి తీసుకోండి.

గూగుల్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకున్నాను. స్కాఫెల్ పైక్ ఎక్కడానికి అది చాలదా? (లెస్టర్)

చాలదు. గూగుల్ ఆఫ్‌లైన్‌లో కారు దారి చెబుతుంది కానీ నడక దారి చెప్పదు. 978 మీటర్ల కొండ మీద మీకు కావాల్సింది బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే (ఓఎస్) మ్యాప్. ఎక్స్‌ప్లోరర్ వరసలో ఓఎల్6 నంబరు, 1:25,000 స్కేలు. కాగితం మ్యాప్ కొంటే లోపల గీకి చూసే కోడ్ ఉంటుంది. దాన్ని ఓఎస్ మ్యాప్స్ యాప్‌లో కొడితే అదే మ్యాప్ ఫోన్‌లోకి దిగుతుంది. కాగితం బ్యాగులో, కాపీ ఫోన్‌లో.

దించుకోవడం ఇంటి వైఫైలోనే కానివ్వండి. తర్వాత ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నడక మొదలయ్యే వాస్‌డేల్ హెడ్ నుంచి శిఖరం దాకా జూమ్ చేసి చూడండి. ఎక్కడైనా మసగ్గా గళ్లు కనిపిస్తే ఆ ముక్క దిగలేదన్నమాట. కొండ మీద కూడా ఏరోప్లేన్ మోడే మేలు. జీపీఎస్ ఉపగ్రహాల నుంచి వస్తుంది కాబట్టి పనిచేస్తూనే ఉంటుంది. లేని సిగ్నల్ కోసం ఫోన్ వెతుక్కుంటూ ఉంటేనే బ్యాటరీ అయిపోతుంది.

మ్యాప్‌లో ఆకుపచ్చ గీతల దారి అందరికీ నడిచే హక్కున్నది. నల్ల గీతలది నేల మీద దారి ఉందని మాత్రమే చెబుతుంది, హక్కు ఉందని కాదు.

ఆపదలో మోడ్ తీసేసి 999 గానీ 112 గానీ కొట్టండి. మీ నెట్‌వర్క్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే కాల్ వెళ్తుంది. ముందు పోలీస్ అడిగి, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ (కొండల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే దళం) అనండి. మాట సరిగా వినిపించనప్పుడు మెసేజ్ పనికొస్తుంది కానీ దానికి ముందే నమోదు కావాలి: బ్రిటన్ సిమ్ నుంచి ఇంగ్లిష్‌లో రిజిస్టర్ అని 999కి పంపి, వచ్చిన జవాబు చదివి యస్ అని తిరిగి పంపాలి. మీరున్న చోటు చెప్పడానికి ఓఎస్ లొకేట్ అనే ఉచిత యాప్ చాలు, డేటా అక్కర్లేదు. మీరున్న మ్యాప్ గడి నంబరును అది చూపిస్తుంది, శిఖరం మీదైతే ఎన్‌వై 215 072 అని. రెండక్షరాలు, ఆరంకెలు చదివితే 100 మీటర్ల గడిలోకి వచ్చేసినట్టే.

హైదరాబాద్ నుంచి వస్తున్న అమ్మావాళ్లు మిక్సీ, కుక్కర్ తెస్తామంటున్నారు. కాటేజీలో పనిచేస్తాయా? (రెడింగ్)

మిక్సీకి ఢోకా లేదు. రెండు చోట్లా 230 వోల్టులు, 50 హెర్ట్జే. 750 వాట్ల మిక్సీ లాగేది దాదాపు 3.3 ఆంపియర్లు. అడాప్టర్ వెనక ఎన్ని ఆంపియర్లని రాసి ఉందో చూడండి, ఎర్త్ పిన్ ఉన్నదే తీసుకోండి. విమానాశ్రయాల్లో అమ్మే సర్వదేశ అడాప్టర్లలో చాలావాటికి ఎర్త్ ఉండదు.

కుక్కర్‌దే చిక్కు. కాటేజీలో ఇండక్షన్ పొయ్యి ఉంటే మామూలు అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు. అడుగున ఫ్రిజ్ మాగ్నెట్ పెట్టి చూడండి, గట్టిగా అంటుకుంటేనే సూట్‌కేసులో సర్దమనండి. ఏ రకం పొయ్యో ఓనర్‌నే అడిగేస్తే ఇంకా మంచిది.

తాలింపు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పొగ అలారంలోని వెలుతురు సెన్సర్‌కి మాడిన బ్రెడ్డూ, ఎండుమిర్చి ఘాటుతో లేచే నూనె పొగా ఒకటే. చాలా కాటేజీల్లో అలారాలు ఒకదానికొకటి కలిపి ఉంటాయి, కింద ఒకటి మోగితే పైన పడుకున్నవాళ్లూ లేస్తారు. నూనె పెట్టకముందే పొయ్యి పైన ఫ్యాన్ వేసి, హాలు తలుపు మూసి, కిటికీ తెరవండి. మోగితే అలారం మీద చప్పుడు ఆపే హష్ బటన్ నొక్కి, పొగ పోయేదాకా ఆగండి. దానికి ప్లాస్టిక్ కవర్ తొడగడం, బ్యాటరీ పీకడం మాత్రం చేయకండి. రాత్రి అందరూ నిద్రపోయేది ఆ ఇంట్లోనే.

కాటేజీలో వైఫై బాగుంది, కానీ మా ఇండియా బ్యాంకు ఓటీపీ రావట్లేదు. (హౌన్స్‌లో)

ఓటీపీ మొబైల్ టవర్ మీదుగా సిమ్‌కి వచ్చే మెసేజ్. వాట్సాప్‌లా మామూలు వైఫైలో రాదు. లోయలో టవర్ అందకపోతే ఆగిపోయి, మీరు లోయ బయట గాస్‌ఫర్త్ ఊరు చేరాక వస్తుంది. అప్పటికి దాని గడువు అయిపోతుంది. చెల్లింపులేవైనా ఉంటే బయల్దేరకముందే ముగించండి. మీ బ్రిటన్ సిమ్‌కి మాత్రం మందుంది: ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ అని వెతికి ఆన్ చేయండి. కాల్స్, మెసేజ్‌లు కాటేజీ వైఫై మీదుగానే వస్తాయి. కొన్ని ప్లాన్లలో ఈ సౌకర్యం ఉండదు, అందుకే ఇంట్లోనే ఏరోప్లేన్ మోడ్‌లో వైఫై ఒక్కటే ఆన్ చేసి ఎవరికైనా ఒక కాల్ చేసి చూసుకోండి.