గ్రే చిలకల పిల్లలు అమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో ఆఫ్రికన్ గ్రే జంట గుడ్లు పెట్టిందండీ. పిల్లల్ని అమ్మితే ఇబ్బందేమైనా ఉందా, ఖర్చెంతవుద్ది? (ఓ పాఠకుడు, విజయవాడ)

జవాబు: ఆగండాగండి, ముందు కాగితాలు. ఇది సైటిస్ (అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) అపెండిక్స్ 1, అంటే అన్నిటికన్నా కఠిన రక్షణ ఉన్న జాబితాలోని పక్షి, 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ఉంచుకోడానికే కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ వెబ్‌సైట్లో రిజిస్ట్రేషన్ కావాలి, ఫీజు 1000 రూపాయలు, పిల్లలు తీయించాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పెద్ద అధికారి) దగ్గర బ్రీడర్ లైసెన్స్ వేరే. పిల్లలు పుడితే అదీ రిపోర్ట్ చేయాలి. కొన్న బిల్లు ఎక్కడుందో వెతకండి. అయినా ఫీజుదేముందిలెండి, అసలు ఖర్చు మేత, పెద్ద పంజరం, పక్షుల డాక్టరు, తల్లి మేపకపోతే కళ్ళు తెరవని పిల్లకి రెండు మూడు గంటలకోసారి సిరంజితో గోరువెచ్చటి ఫార్ములా (పక్షి పిల్లల కోసం కలిపే జావలాంటి మేత), ఇక మీ నిద్ర గోవిందా. మన రామచిలక జోలికి మాత్రం పోకండి, దాన్ని పంజరంలో పెట్టడమే నేరం.