కౌబాయ్ బీబాప్‌లో కౌబాయ్‌లు ఎక్కడున్నారు?

ఆ అనిమేలో (జపాన్ యానిమేషన్ సిరీస్‌లో) డబ్బు కోసం నేరస్తుల్ని పట్టిచ్చేవాళ్లనే కౌబాయ్‌లంటారు. బీబాప్ వాళ్ల అంతరిక్ష ఓడ పేరు. కథాకాలం 2071. జనం గ్రహాలన్నిటా చెదిరిపోయారు, పోలీసులు చాలడం లేదు. అందుకే తలకింత అని వెల కట్టి వేట బయటివాళ్లకు వదిలేశారు.

సంపాదన మాత్రం అంతంతే. మొదటి ఎపిసోడ్‌లో ఓడలోని వేటగాడు జెట్ క్యాప్సికం, బీఫ్ వండానంటాడు. తోటి వేటగాడు స్పైక్ ప్లేటులో బీఫ్ ముక్క ఒక్కటీ ఉండదు! వెంటాడిన నేరస్తుడూ చచ్చిపోతాడు, పైసా రాదు.

బీబాప్ అసలు 1940ల నాటి జాజ్ శైలి. జాజ్ కళాకారులు కూడి వాయించడాన్ని సెషన్ అంటారు; 26 ఎపిసోడ్లనూ సెషన్లు అనేది అందుకే.

పేరు చూసి ఇది గుర్రాలు, పశువుల మందల అమెరికా కథ అనుకుంటారు చాలామంది. 1998లో వచ్చిన ఈ జపాన్ సిరీస్‌లో గుర్రమెక్కి టోపీతో తిరిగే వేటగాడు ఆండీ ఒక్కడే. వాణ్ణి చూస్తేనే స్పైక్‌కి ఒళ్లు మండుతుంది.