మళ్లీ మళ్లీ అదే ప్రార్థన: తప్పా?

బాప్టిస్టు సంఘంలో పెరిగిన మీకు తూర్పు ఆర్థడాక్సు క్రైస్తవులు ‘ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించుము’ అని మళ్లీ మళ్లీ చెప్పుకునే ‘యేసు ప్రార్థన’ నచ్చినా, మత్తయి 6:7లోని ‘వ్యర్థమైన మాటలు’ గుర్తొచ్చి ఆగిపోతున్నానన్నారు. అక్కడ యేసు కాదన్నది ఎక్కువ మాట్లాడితేనే దేవుడు వింటాడనే లెక్కను. గెత్సేమనే తోటలో ఆయనే మూడోసారి ‘ఆ మాటలే’ ప్రార్థించాడు (మత్తయి 26:44). 136వ కీర్తనైతే ‘ఆయన కృప నిరంతరముండును’ అని 26 సార్లు అంటుంది! పైగా ఈ ప్రార్థనలోని ‘పాపినైన నన్ను కరుణించుము’ అన్నది లూకా 18లోని సుంకరి (పన్నులు వసూలుచేసేవాడి) మొరే, మీకు కొత్తది కాదు.

రోజుకు పది నిమిషాలు చాలండి, లెక్కపెట్టకండి. ఊపిరితో జతచేసే పద్ధతి మాత్రం అనుభవజ్ఞుల దగ్గరే నేర్చుకోవాలని ఆర్థడాక్సు గురువులే అంటారు. అప్పటికీ మనసొప్పకపోతే, 12వ శతాబ్దంలో కార్తూసియన్ అనే కాథలిక్ సన్యాసుల సంఘానికి చెందిన రెండవ గీగో చెప్పినట్టు ఒక్క వచనాన్నే చదివి, ధ్యానించి, ప్రార్థించి, మౌనంగా ఉండిపోండి. నాకైతే అదే కుదిరింది.