ఇంటి చదువుకు బెల్లు అక్కర్లేదు

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్‌లో ఉంటున్నారు, పాపకు ఐదేళ్లు, బాబుకు మూడేళ్లు. ఈ జూన్ నుంచి బడికి పంపకుండా ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నారు. రొటీన్ ఎలా కుదురుతుంది, రోజుకు ఎన్ని గంటలు కూర్చోబెట్టాలి అని అడిగారు. మేము మల్కాజిగిరిలో ఉంటాం. మా బాబుకు ఏడేళ్లు, పాపకు నాలుగు. ఇద్దరూ ఇంట్లోనే చదువుకుంటున్నారు.

ఐదేళ్ల పిల్ల పుస్తకం ముందు కూర్చోవడానికి అరగంట చాలు. అదీ ఒక్క బిగిన వద్దు. మిగతాదంతా ఇంట్లో ఎలాగూ జరిగే పనుల వెంటే నడవాలి. తొమ్మిదికి తెలుగు, పదికి లెక్కలు అని చార్టు రాసి ఫ్రిజ్‌కు అంటిస్తే, సరిగ్గా తొమ్మిదింపావుకే గ్యాస్ బండ వస్తుంది, చిన్నోడు పాలు ఒలకబోస్తాడు, మీకు టెన్షన్ మొదలవుతుంది, ఆ కోపం పాప మీద చూపిస్తారు. బడిలో పీరియడ్లు ఎందుకున్నాయి? నలభై మందిని ఒక్క టీచర్ సంభాళించాలి కాబట్టి. మీ ఇంట్లో ఉన్నది ఇద్దరే కదండీ.

మా ఇంట్లో టిఫిన్లు అయి గిన్నెలు సింకులో పడ్డాక తెలుగు. నేను కూరగాయలు తరుగుతుంటే బాబు పక్కన కూర్చుని చదివి వినిపిస్తాడు. పాప మధ్యాహ్నం పడుకున్నాక వాడితో లెక్కలు. పని ఆలస్యమైతే చదువూ ఆలస్యమవుతుంది, కానీ వరస మాత్రం తప్పదు. చిన్నపిల్లలకు కావలసింది ఆ వరసే. తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే వాళ్లు పేచీ పెట్టరు.

లెక్కల సంగతి చెబుతాను. అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలంటే మా వాడికి అస్సలు పడేది కాదు. పలక తీస్తే చాలు, కడుపునొప్పి అనేవాడు. మాకు రోజు విడిచి రోజు నల్లా వస్తుంది. ఒకరోజు గేటు పక్కన మీటర్ మూత తీసి, అద్దం మీద మట్టిని చొక్కా అంచుతో తుడిచి, అంకెలు చదివి రాసుకోమన్నాను. నల్ల అంకెలు 412, ఎర్ర అంకెలు 350. నల్లా కట్టేశాక మళ్లీ చూశాడు. ఎర్రవి 120. పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, సంపు నిండింది కదా, మరి నంబర్ తగ్గిందేంటి? మీటర్ పాడైందా?" నేనేమీ చెప్పలేదు, ఇంకోసారి చూసి రమ్మన్నాను. అక్కడే గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. "నల్లది 413 అయిందమ్మా!" అని అరిచాడు. ఎర్రవి వెయ్యి లీటర్లు నిండితే నల్లది ఒకటి పెరుగుతుందని వాడే పట్టుకున్నాడు. ఆ వెయ్యిని విప్పి 120కి కలిపి, అందులోంచి 350 తీసేసి, 770 లీటర్లు వచ్చాయని గచ్చు మీద సుద్దముక్కతో చేసి చూపించాడు. కడుపునొప్పి ఊసే లేదు. నగరంలో నెలకు 20 వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితమని వాళ్ల నాన్న చెప్పినప్పటి నుంచి, నెలాఖరుకు నల్ల అంకె ఇరవై కంటే ఎక్కువ పెరుగుతుందా లేదా అని కాపలా కాస్తున్నాడు. ఏ వర్క్‌షీట్ ఈ పని చేస్తుంది చెప్పండి? ఆన్‌లైన్‌లో వేలకు వేలు పోసి కిట్లు కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

మూడేళ్ల బాబుకు విడిగా పాఠం పెట్టకండి. అక్క రాస్తుంటే వాడికీ ఒక పలక ఇవ్వండి, పిచ్చిగీతలు గీసుకుంటాడు. మా పాప గుణింతాలు వింటూ వింటూనే నేర్చేసుకుంది.

వారంలో ఒకరోజు బయటికి తీసుకెళ్లండి, సెలవురోజు కాకుండా చూసుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియంకు శుక్రవారం సెలవు, జూపార్కుకు సోమవారం. మ్యూజియంలోని సంగీత గడియారంలో గంట గంటకూ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండు కొట్టేవేళకు ఆదివారమైతే పిల్లలకు ముందున్నవాళ్ల వీపులే కనిపిస్తాయి. మామూలు రోజుల్లో ముందు వరసలో కూర్చుని ప్రతి దెబ్బా లెక్కపెట్టవచ్చు.

ఇక చుట్టాలు, పక్కింటివాళ్లు. "ఏ స్కూల్?" అన్నది ఈ ఊళ్లో పేరు కంటే ముందు అడిగే ప్రశ్న. ఇంట్లోనే అంటే, పిల్లలు నలుగురిలో కలవరని జాలిపడతారు. అలా అన్నవాళ్ల అబ్బాయే ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ అని పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వస్తాడు, మా గల్లీలో ఒక్కరోజు ఆడగా చూడలేదు. మా పిల్లలు మాత్రం కిరాణా కొట్టు తాత దగ్గర్నుంచి ఇస్త్రీ బండి అన్న దాకా అందరితో మాట్లాడతారు. ఆ మాటలు మీరు పట్టించుకోవద్దు, ముఖ్యంగా పాప ఎదురుగా ఆ చర్చ పెట్టొద్దు.

చట్టం గురించీ భయపెడతారు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని అందులో ఉంది, చేర్చకపోతే శిక్ష మాత్రం ఏమీ రాయలేదు. 14 ఏళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా గానీ, తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా గానీ పదో తరగతి రాయవచ్చు. మధ్యలో బడికి పంపాలనిపించినా, ఆరేళ్లు దాటిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలని ఆ చట్టంలోనే ఉంది. అందుకే పాప రాసిన నోటుబుక్కుల మీద తేదీ వేసి, జనన ధ్రువపత్రంతో పాటు ఒక ఫైల్లో పెట్టి ఉంచండి.