కేకు పాతబడాలి, పువ్వు కరకరలాడాలి

డిసెంబరు వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల వాసనే మారిపోతుంది. పదకొండు నెలల పాటు పప్పు ఉడకలేదని, ఆవకాయ బూజు పట్టిందని రాసేవాళ్లంతా ఉన్నట్టుండి కేకు నడిమధ్య గుంట పడిందని రాస్తారు. విశాఖ పాతనగరంలో, రాస్ హిల్ మీది చర్చి గంట వినిపించేంత దూరంలో నేను కాపురం పెట్టి నలభై ఏళ్లయింది. ఈ నలభై ఏళ్లలో మాడ్చిన కేకులకు లెక్క లేదు. నా జవాబుల్లో పాండిత్యం కన్నా ఆ మాడు వాసనే ఎక్కువ. సర్దుకోండి.

ప్రశ్న: మా అత్తగారు గులాబీ పువ్వుల అచ్చు చేతికిచ్చి "ఈ ఏడాది నువ్వే వెయ్యమ్మా" అన్నారు. పిండి అచ్చును వదలడం లేదు. పుల్లతో గీకితే ముక్కలు వస్తున్నాయి. అత్తగారు పక్కనే కూర్చుని ఏమీ అనడం లేదు. నాకు అదే భయంగా ఉంది.
— ఒక కొత్త కోడలు, గాజువాక

జవాబు: ఏమీ అనని అత్తగారు దొరికినందుకు ముందు సంతోషించు అమ్మాయీ. ఆవిడ మొదటిసారి వేసినప్పుడు కూడా ముక్కలే వచ్చి ఉంటాయి, అందుకే మాట్లాడటం లేదు.

అచ్చు కొత్తదో పాతదో నువ్వు రాయలేదు. కొత్తదైతే ఒక రాత్రంతా నూనెలో నానబెట్టు. పాతదైతే మాత్రం నాకు ఒక అనుమానం. పండగ కదా అని పీచు, సబ్బు పెట్టి తళతళలాడేలా తోమావు, అవునా? ఏళ్ల తరబడి నూనె తాగి నల్లబడిన అచ్చుకు ఆ నలుపే బలం. దాన్ని గుడ్డతో తుడిచి దాచాలి తప్ప తోమకూడదు.

ఇక పిండి. ఒక గ్లాసు మైదా, ఒక గ్లాసు బియ్యప్పిండి, అర గ్లాసు పంచదార పొడి, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, చెంచాడు నువ్వులు. కొబ్బరిపాలు పోసి దోసెల పిండి కన్నా కాస్త పలుచగా కలుపు. తీపి ఎక్కువైతే బాగుంటుందని పంచదార పెంచావో, పువ్వు అచ్చును పట్టుకుని వేలాడుతుంది. పైగా లోపల పచ్చిగా ఉండగానే పైన ఎర్రబడుతుంది.

అసలు కిటుకు వేడిలో ఉంది. అచ్చును కాగే నూనెలోనే ఉంచి బాగా కాలనివ్వు. తీసి, కొసన వేలాడే నూనె చుక్కను రాల్చి, పిండిలో ముంచు. ముప్పావు వంతే సుమా! పై అంచు దాటి మునిగితే పిండి చుట్టూ మూత వేసినట్టు పట్టేస్తుంది, ఇక అచ్చు బయటకు రాదు. ముంచగానే చుయ్‌మని వినిపించాలి. వినిపించకపోతే అచ్చు చల్లారినట్టు. ఆ చప్పుడు కోసం మా అత్తగారు వంటింట్లో రేడియో కూడా కట్టించేసేవారు. తరవాత నూనెలోకి దించి ఇరవై లెక్కపెట్టు. రేకుల అంచులు లేత బంగారు రంగుకు తిరిగాక మణికట్టుతో ఒక్క విదిలింపు, అంతే. పువ్వు తనంతట తానే జారి తేలుతుంది. రెండు మూడు పువ్వులకొకసారి పిండిని అడుగుదాకా కలుపుతూ ఉండు, బియ్యప్పిండి కిందికి దిగిపోతుంది.

ఇన్ని చేసినా మొదటిది విరిగిపోతుంది. దాన్ని మా అత్తగారు "అచ్చుకు కూలి" అనేవారు. కూలి ఇవ్వకుండా పని జరగదు.

ప్రశ్న: ప్లమ్ కేకులో ప్లమ్ పండు ఏదండీ? దుకాణంలో అడిగితే నవ్వారు.
— ఒక విశ్రాంత ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

జవాబు: నవ్వినవాళ్లకూ తెలిసి ఉండదు లెండి. పూర్వం ఇంగ్లీషువాళ్లు ఎండుద్రాక్షను ప్లమ్ అనేవారు. ఆ మాట వాడుకలోంచి పోయింది, కేకు పేరులో మాత్రం ఉండిపోయింది.

మీరు అడగనిది ఇంకొకటి చెబుతాను. మన కేకుల మీద ఎర్రగా మెరిసే చెర్రీ చాలాసార్లు చెర్రీ కాదు, వాక్కాయ. గింజ తీసి, పాకంలో ఊరబెట్టి, రంగు వేస్తారు. టూటీఫ్రూటీ ఏమో పచ్చి బొప్పాయి. అంటే ప్లమ్ లేని ప్లమ్ కేకు మీద చెర్రీ కాని చెర్రీ! నాకైతే ఇందులో మోసమేమీ కనిపించదు. పప్పులో పడవలసిన వాక్కాయ పండగకు ముస్తాబై వచ్చింది, రానివ్వండి.

ప్రశ్న: ఎండుపళ్లు అక్టోబరులోనే రమ్ములో నానబెట్టాలట. నాకు డిసెంబరు రెండో వారంలో గుర్తొచ్చింది. పైగా మా ఇంట్లో మద్యం గడప దాటి రాదు.
— కంప్యూటర్ ఉద్యోగిని, మధురవాడ

జవాబు: రెండో కష్టం మొదటి కష్టాన్ని తీర్చేసింది చూడండి. రమ్ము లేనప్పుడు అక్టోబరుతో పనేముంది?

ఎండుద్రాక్ష, సన్నగా తరిగిన ఖర్జూరం, టూటీఫ్రూటీ, కాస్త నారింజ తొక్క తురుము గిన్నెలో వేసి, మునిగేలా నారింజ రసం గాని నల్లద్రాక్ష రసం గాని పోసి, సన్నటి సెగ మీద పది నిమిషాలు ఉంచండి. మూత పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి పళ్లు ఉబ్బి నిగనిగలాడుతుంటాయి. ఒక్క తేడా ఉంది. రమ్ము తాగిన కేకు నెలల తరబడి నిలవుంటుంది, రోజులు గడిచేకొద్దీ రుచి పెరుగుతుంది. మీది వారంలోపే తినేయాలి. విశాఖ గాలిలోని తేమకు అంతకన్నా ఆగదు.

దొరికినదానితో చేశానని చిన్నబోకండి. మన దేశంలో క్రిస్మస్ కేకు కథే అలా మొదలైందంటారు. 1883లో కేరళలోని తలస్సేరిలో మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర, ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకును మంబళ్లి బాపు అనే బేకరీ యజమానికి రుచి చూపించి, ఇలాంటిది చేయగలవా అన్నాడట. ఫ్రెంచి బ్రాందీ వేయమని దొర చెబితే, బాపు దాన్ని పక్కనపెట్టి ఊళ్లో దొరికే జీడిమామిడి పండ్ల సారా వేశాడని చెబుతారు. దొరకు అది తెగ నచ్చిందట. జీడిమామిడి తోటలున్న మన ఉత్తరాంధ్రకు ఈ ఆలోచన ముందు రాలేదే అని నాకు చిన్న అసూయ.

నలుపు రంగు కోసం కోకో పొడి వేసేవాళ్లున్నారు. వాళ్లతో నేను మాట్లాడను. పంచదార మాడ్చండి. మందపాటి గిన్నెలో నాలుగు చెంచాల పంచదార వేసి కదపకుండా చూస్తూ ఉండండి. ముందు తేనె రంగు, తరవాత టీ డికాషన్ రంగు, ఆ తరవాత సన్నగా పొగ లేస్తుంది. భయపడి దించేస్తారు చూశారా, అక్కడే కేకు గోధుమ రంగులో ఆగిపోతుంది. ఇంకొక్క క్షణం ఓర్చుకుని, నురగ కట్టి నల్లబడుతుండగా దించి, ముఖం దూరంగా పెట్టి అర గ్లాసు మరిగే నీళ్లు పోయండి. బుస్సుమని ఎగురుతుంది, జాగ్రత్త. నా కుడి మోచేతి మీద 1991 క్రిస్మస్ తాలూకు మచ్చ ఇంకా ఉంది.

ప్రశ్న: వెన్న ధర చూస్తే గుండె ఆగుతోంది. నూనెతో కేకు చేస్తే పాపమా?
— ఇల్లాలు, అక్కయ్యపాలెం

జవాబు: పాపం కాదు కానీ రోములోని క్రైస్తవ మతగురువు పోపు వరకు వచ్చిన వ్యవహారం ఇది. జర్మనీలోని డ్రెస్డెన్ ఊరివాళ్లు క్రిస్మస్‌కు స్టోలెన్ అనే రొట్టె చేస్తారు. పండగ ముందు ఉపవాస దినాల్లో వెన్న నిషిద్ధం కాబట్టి దాన్ని నూనెతో చేసేవారు. ఆ రుచి భరించలేక రోముకు మొర పెట్టుకుంటే, 1491లో పోపు ఎనిమిదవ ఇన్నోసెంట్ వెన్న వాడుకోవచ్చని ఉత్తరం రాశాడు. దాన్ని ఇప్పటికీ వెన్న ఉత్తరమనే అంటారు. వెన్న చేతికి వచ్చాక వాళ్లు ఆగలేదు. 1730లో అక్కడి రాజు అగస్టస్ ఏకంగా 1.8 టన్నుల స్టోలెన్ చేయించాడు.

మీరు సగం వెన్న, సగం వాసన లేని నూనె వేయండి. వేరుశనగ నూనె మాత్రం వద్దు, కేకు కోస్తుంటే జంతికలు గుర్తొస్తాయి.

ప్రశ్న: ఓవెన్ లేదు. కుక్కరులో చేస్తే పళ్లన్నీ అడుగుకు చేరాయి.
— ఆటో డ్రైవరు, మల్కాపురం

జవాబు: కుక్కరుదేం తప్పు లేదు తమ్ముడూ. పళ్లను బాగా వడకట్టి, చెంచాడు మైదాలో దొర్లించి, చివర్లో కలుపు. పిండి గరిటె నుంచి ధారగా కాక ముద్దగా జారాలి. కుక్కరులో నీళ్లు పోయకుండా అడుగున రాళ్ల ఉప్పు పరిచి, మూతకు రబ్బరు, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడెక్కించాక గిన్నె దించు. సన్నటి మంట మీద గంట. మధ్యలో మూత తీసి చూశావంటే గుంట పడుతుంది. పిల్లల్ని కాపలా పెట్టకు, వాళ్లే తీసేస్తారు.

ప్రశ్న: నిజం చెబుతున్నాను, నాకు ఎండుపళ్ల కేకు నచ్చదు. ఇంట్లో చెబితే తిడతారు.
— విద్యార్థి, ఆంధ్ర విశ్వవిద్యాలయం వసతిగృహం

జవాబు: నీకు తోడు చాలామంది ఉన్నారు నాయనా. అమెరికాలోని కొలరాడోలో మానిటూ స్ప్రింగ్స్ అనే ఊళ్లో 1996 నుంచి, పండగ వెళ్లాక మిగిలిన ఇలాంటి కేకులను ఎవరు ఎంత దూరం విసురుతారో పోటీ పెట్టుకున్నారు. 2017లో అంటార్కిటికాలో ఒక పాత గుడిసెలో రేకు డబ్బా దొరికింది. డబ్బా తుప్పు పట్టింది, లోపలి కేకు మాత్రం చెక్కుచెదరలేదు. దక్షిణ ధ్రువానికి వెళ్లిన కెప్టెన్ స్కాట్ యాత్ర నాటిది, వయసు 106 ఏళ్లు! వాసన కూడా దాదాపు తినదగ్గట్టే ఉందన్నారు. అంత చలిలో, అంత ఆకలి మీద ఉన్నవాళ్లే దాన్ని వదిలి వెళ్లారంటే, నీ పక్షాన ఒక సాక్ష్యం ఉన్నట్టే.

అయినా ఒక్కసారి సన్నటి ముక్క కోసి, పెనం మీద చుక్క నెయ్యితో రెండు వైపులా కాల్చి తిను. అప్పుడూ నచ్చకపోతే నీ వాటా మా ఇంటికి పంపు. క్రీము రాసిన కేకు మాత్రం పంపకు. పోయినేడు ఒక దుకాణంలో క్రిస్మస్ కేకు అని కొంటే, పెట్టె తెరిస్తే మీద క్రీముతో పుట్టినరోజు శుభాకాంక్షలు రాసి ఉన్నాయి. ఆలోచిస్తే తప్పేమీ లేదనుకోండి, సందర్భం అదే కదా. కానీ కింద వేరెవరిదో పేరుంది.

ప్రశ్న: గోవాలో క్రిస్మస్‌కు కుల్‌కుల్స్ అని చేస్తారట. చూస్తే అచ్చం మన గవ్వలే. ఎవరిని చూసి ఎవరు నేర్చుకున్నారు?
— గృహిణి, పెందుర్తి

జవాబు: వాళ్లు పిండిలో కొబ్బరిపాలు పోసి ఫోర్కు వెనక మీద చుడతారు, మనం గవ్వల చెక్క మీద నొక్కి బెల్లం పాకంలో దొర్లిస్తాం. ఎవరు ముందని తగవు పెట్టుకునేలోగా రెండూ అయిపోతాయి. నాకు తోచేది ఒకటే. లండన్ మిషన్ పాదిరీలు 1805లోనే విశాఖలో దిగారు, ఓవెన్లు మాత్రం మన ఇళ్లలోకి చాలా ఆలస్యంగా వచ్చాయి. అందుకే మన క్రిస్మస్ ఎక్కువగా మూకుడులోనే జరిగింది. గవ్వలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు ఇంటివాళ్లు, కేకు చుట్టపు చూపుగా వచ్చింది.

ప్రశ్న: పక్కింటి అక్క ప్రతి క్రిస్మస్‌కు పళ్లెం నిండా పిండివంటలు, కేకు పంపుతుంది. మా అమ్మ గుడ్డు ముట్టదు. చెబితే అక్క నొచ్చుకుంటుందేమో. ఖాళీ పళ్లెం తిరిగివ్వడం కూడా బాగుండదు కదా?
— సీతమ్మధార

జవాబు: నొచ్చుకోదు, ఇప్పుడే చెప్పండి. గవ్వల్లో, కజ్జికాయల్లో గుడ్డు ఉండదు. పువ్వులు కూడా కొబ్బరిపాలతోనే వేయవచ్చు, ముందే తెలిస్తే ఒక వాయి విడిగా తీస్తుంది. పళ్లెం సంగతంటారా, ఎవరు తొందర పెట్టారు? మూడు వారాలు ఆగితే సంక్రాంతి, అరిసెలు పెట్టి పంపండి.

మా ఇంట్లో ఒక స్టీలు పళ్లెం ఉంది. అడుగున చెక్కిన పేరు మాది కాదు, ఎదురింటి వదినగారి మామగారిది. ప్రతి క్రిస్మస్‌కు పువ్వులతో వెళుతుంది, సంక్రాంతికి అరిసెలతో వస్తుంది, మళ్లీ ఉగాదికి ఏదో ఒక వంకన వెళుతుంది. దాని జోడు పళ్లెం మాది, వాళ్లింట్లో ఉంది. ప్రస్తుతం వాళ్ల పళ్లెం మా అలమరలో పై అరలో, పువ్వుల డబ్బా పక్కనే బోర్లించి ఉంది. 24 సాయంత్రం దించుతాను.