చిన్న వీఎం కి ఏ డెస్క్‌టాప్ తేలిక? ముందు స్క్రీన్‌సేవర్ పీకేసి అప్పుడు అడుగు

నువ్వడిగిన ప్రశ్న ఏటంటే, 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, విండోస్ లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్, అంటే వీఎం, నడిపే ప్రోగ్రాం), అందులో లినక్స్ కి ఒక జీబీ, మహా అయితే ఒకటిన్నర ఇవ్వగలనన్నావు, ఎక్స్‌ఎఫ్‌సీఈ వెయ్యాలా ఎల్‌ఎక్స్‌క్యూటీ వెయ్యాలా లేకపోతే ఐస్‌డబ్ల్యూఎం దాకా దిగిపోవాలా అని. ఈ మూడూ లినక్స్ కి తెర మీద కిటికీలు, మెనూలు ఇచ్చేవే. డిప్లొమా రెండో ఏడు అన్నావు కాబట్టి తమ్ముడూ అనే పిలుస్తాను, ఏమనుకోకు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకో. జవాబు అయిపోయింది. ఇంక నేను చెప్పాలనుకున్నది చెప్తాను.

మాది ఒడిశాలో, ఆంధ్రా బోర్డర్ పక్కన పర్లాకిమిడి. ఇంట్లోనే ముందు గదిలో కంప్యూటర్ క్లాసులు చెప్తాను, సగం మంది ఇక్కడి ఒడియా పిల్లలు, సగం మంది బోర్డర్ దాటి పాతపట్నం నుంచి వస్తారు, అందరివీ అన్నయ్యో బావో వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లే. మా గదిలో 4 జీబీ ఉన్నవాడు జమీందారు కింద లెక్క. అందుకని ఈ తేలిక డెస్క్‌టాప్ గోల మీద నేను తిన్న దెబ్బలు చాలానే ఉన్నాయి.

రెండేళ్ల కిందట ఎండాకాలం. యూట్యూబ్ లో చూపిస్తారు కదా, బూట్ అయిన వెంటనే ర్యామ్ ఇంతే తింటోంది చూడండి అని ఒక అంకె చుట్టూ ఎర్ర గీత గీసి, అవి చూసి నాకూ పిచ్చి పట్టి డెబియన్ అనే లినక్స్ మీద ఎల్‌ఎక్స్‌డీఈ అనే ఇంకో తేలిక డెస్క్‌టాప్ వేశాను. వీఎం కి ఒక జీబీ, రెండు కోర్లు. ఖాళీగా ఉంటే మూడొందల ఎంబీ కూడా దాటట్లేదు, నేను ఆ స్క్రీన్‌షాట్ తీసి పిల్లల గ్రూప్ లో పెట్టుకుని మురిసిపోయాను. మధ్యాహ్నం భోజనానికి లేచి వీఎం కిటికీ మినిమైజ్ చేసి లోపలికెళ్లా. చారు కలుపుకుంటుంటే ముందు గదిలోంచి బుయ్య్ మని మోత. మా ఆవిడ "ఏటండీ ఆ మోత, మిక్సీ ఆపలేదేటి?" అంటోంది. ఒక బుడ్డోడు తలుపు దగ్గరకొచ్చి "మాస్టారూ, మీ కంప్యూటర్ కి ఆయాసం వచ్చేస్తంది" అన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే ల్యాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టలేం, టాస్క్ మేనేజర్ లో వర్చువల్‌బాక్స్ ఒక్కటే సగానికి పైగా సీపీయూ లాగేస్తోంది. సరే అని వీఎం కిటికీ పైకి తెచ్చి టెర్మినల్ లో టాప్ (ఏ ప్రోగ్రాం ఎంత సీపీయూ తింటోందో చూపించే కమాండ్) కొట్టాను. ఏమీ లేదు. అన్నీ సున్నాలే. ఫ్యాన్ కూడా మెల్లగా చల్లబడింది. మళ్లీ వెళ్లి అన్నం ముందు కూర్చున్నానో లేదో పది నిమిషాలకి మళ్లీ బుయ్య్.

మూడు రోజులు ఇదే భాగోతం. నేను చూస్తే నిద్రపోతున్నట్టు ఉంటుంది, నేను లేస్తే పరిగెడుతుంది. నాలుగో రోజు టాప్ లో పైవరుస సరిగ్గా చూశాను, లోడ్ యావరేజ్ అని మూడు అంకెలుంటాయి కదా, ఒక నిమిషానిది, 5 నిమిషాలది, 15 నిమిషాలది. మొదటిది పడిపోతోంది, చివరిది మాత్రం 2 కి దగ్గరగా ఉంది. అంటే నేను రాకముందు లోపల ఎవడో గట్టిగా పని చేశాడు. ఈసారి కిటికీ ముట్టుకోకుండా విండోస్ వైపు నుంచి ఎస్‌ఎస్‌హెచ్ తో (బయట నుంచే లోపల కమాండ్లు కొట్టే దారి) లోపలికెళ్లి టాప్ పెట్టుకుని కదలకుండా కూర్చున్నా. పది నిమిషాలైంది. పైవరుసలోకి "పైప్స్" అని ఒకటి ఎక్కింది.

స్క్రీన్‌సేవర్! రంగురంగుల గొట్టాలు అల్లుకుంటూ పోయే ఆ త్రీడీ బొమ్మ. మినిమైజ్ చేసిన కిటికీలో, చూసేవాడు ఒక్కడూ లేకుండా, గొట్టాలు గీస్తోంది. మౌస్ తగలగానే ఆగిపోతుంది కాబట్టి నాకు దొరకలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వీఎం లో గ్రాఫిక్స్ కార్డు ఉండదు, ఉన్నట్టు నటన అంతే. త్రీడీ బొమ్మ గియ్యాలంటే ఎల్‌ఎల్‌వీఎంపైప్ అనేది ఆ లెక్కంతా సీపీయూ చేత చేయిస్తుంది. గ్నోమ్ (ఉబుంటు తో వచ్చే బరువు డెస్క్‌టాప్) నీ వీఎం లో పాకుతున్నట్టు ఉండడానికి కారణం కూడా ఎక్కువ భాగం ఇదే, ర్యామ్ ఒక్కటే కాదు, అందులో ప్రతి కిటికీ, ప్రతి నీడ ఈ దారినే రావాలి. నీ దాంట్లో టెర్మినల్ లో గ్లెక్స్‌ఇన్ఫో (glxinfo) అని కొట్టి రెండరర్ అన్న వరుస చూడు, ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే నీదీ మా జాతే. కాబట్టి నన్నడిగితే చిన్న వీఎం లో బరువంటే ఎన్ని ఎంబీ తింటోంది అని కాదు, ఎంత గీస్తోంది అని.

ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎందుకంటే అందులో గీత ఆపెయ్యొచ్చు. సెట్టింగ్స్ లో విండో మేనేజర్ ట్వీక్స్ కి వెళ్లి కాంపోజిటర్ (కిటికీలకి నీడలు, మెరుపులు అద్దేది) టిక్ తీసెయ్. నీడలు పోతాయి, పోనీ. 2019 లో దాని 4.14 వచ్చి జీటీకే3 (బటన్లు, మెనూలు గీసే లైబ్రరీ) కి మారినప్పటి నుంచి బరువైపోయిందని ఏడ్చేవాళ్లున్నారు, వాళ్ల మాట నేను పట్టించుకోను. ఎల్‌ఎక్స్‌క్యూటీ కూడా మంచిదే, లుబుంటు (ఉబుంటు లో తేలిక రకం) 18.10 నుంచి దాని మీదే నడుస్తోంది, నాకు చెయ్యి తిరగలేదు అంతే. ఐస్‌డబ్ల్యూఎం నిజంగా ఈకంత తేలిక, కానీ దానికి ఫైల్ మేనేజర్ ఒకటి, వాల్యూమ్ బొమ్మ ఒకటి అని తగిలించుకుంటూ పోతే ఆఖరికి ఎక్స్‌ఎఫ్‌సీఈ దగ్గరికే వచ్చి ఆగుతావు. 512 ఎంబీ వీఎం అయితే సరే, దిగు. అయినా వంద ఎంబీ మిగుల్చుకుని నువ్వు తెరిచేది ఫైర్‌ఫాక్సే కదా, రెండు ట్యాబులకి అంతా ఊడ్చేస్తుంది.

ఇంకో మంట. మా పిల్లల్లో ఒకడి కాలేజీలో, పేరెందుకులే, ల్యాబ్ రికార్డుకి ఉబుంటు స్క్రీన్‌షాట్లే కావాలంటారు, అదీ గ్నోమ్ తోనే. ఉబుంటు 24.04 ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) ఆరు జీబీకి దగ్గర. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ వాడు అది దింపుకోవాలంటే నాలుగు రోజులు వాట్సాప్ మానుకోవాలి. డెబియన్ నెట్ఇన్‌స్ట్ (దాని చిన్న ఇన్‌స్టాల్ ఫైల్) అయితే జీబీ లోపే, తర్వాత కావాల్సినవే దిగుతాయి, డెస్క్‌టాప్ ఏది కావాలో ఇన్‌స్టాల్ లోనే అడుగుతుంది.

ఈ తేలిక సెటప్పుల్లో తెలుగు ఫాంట్ ఉండదు, అదొకటి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని తెలుగు పేజీ తెరిస్తే చదరం చదరం డబ్బాలు. లోహిత్ తెలుగో, పోతనో ముందే వేసుకో, ఒడియా ఫాంట్ కూడా.

వర్చువల్‌బాక్స్ లో గ్రాఫిక్స్ కంట్రోలర్ వీఎంఎస్‌వీజీఏ పెట్టు, త్రీడీ టిక్ తీసెయ్ (మా పాత ఐ3 ల మీద అది పెడితే నల్ల తెరే మిగిలింది), గెస్ట్ అడిషన్స్ (వీఎం లోపల వేసే డ్రైవర్లు) మర్చిపోకు. మీ వైపు కూడా కరెంటు మాలాగే ఉండి, నీ ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చి ఉంటే, లేచిన ప్రతిసారీ సేవ్ స్టేట్ (వీఎం ని ఉన్నది ఉన్నట్టు దాచేది) కొట్టి లేవు. లేకపోతే డిస్కు చెడి నల్ల తెర మీద ఎఫ్‌ఎస్‌సీకే (డిస్కు రిపేరు కమాండ్) చేసుకుంటూ కూర్చుంటావు, నేను రెండుసార్లు కూర్చున్నా.

అన్నట్టు ఎల్‌ఎక్స్‌డీఈ తో వచ్చిన ఉత్త స్క్రీన్‌సేవర్ లో ఆ త్రీడీ గొట్టాలు లేవు, అవి వేరే ప్యాకేజీ. నేనైతే వెయ్యలేదు. గదిలో ఉన్న ఏడుగురినీ అడిగాను, ఎవడూ ఒప్పుకోలేదు, ఆ ఆయాసం అన్న బుడ్డోడు మాత్రం నేల చూపులు చూశాడు.