గుర్రపు దాణా దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి,

నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. గుర్రప్పందేలూ వాటితో ముడిపడ్డ వంటలూ అన్న విషయం ఎంచుకున్నందుకే చాలా సంతోషం వేసిందమ్మా. మనవాళ్ళు రేసుల గురించి రాస్తే డబ్బు పోగొట్టుకున్న కథ రాస్తారు, తిండి గురించి రాస్తే బిర్యానీ రాస్తారు. రెండూ కలిపి చూడాలని నీకు తోచింది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఇటలీలోని సియెనా ఊరి గుర్రప్పందేల పేరా బాగా కుదిరింది. జులై 2న, ఆగస్టు 16న జరిగే ఆ పందేలకు ముందు రోజు రాత్రి ఒక్కో పేటవాళ్ళు వీధిలోనే బారు బల్లలు వేసుకుని బంతిభోజనం చేయడం, పందెం రోజు గుర్రాన్ని చర్చిలోకి తీసుకెళ్ళి దీవెన ఇప్పించడం చదువుతుంటే మన ఊరి జాతరలో ఉన్నట్టే అనిపించింది. అమెరికాలో కెంటకీ డెర్బీ పందెం దగ్గరికొచ్చేసరికి మాత్రం మింట్ జూలెప్ పానీయం, బర్గూ, తీపి ‘పై’ అంటూ పేర్లు వరసపెట్టి వెళ్ళిపోయావు. బర్గూ అంటే పెద్ద పెద్ద కాగుల్లో రకరకాల మాంసాలు, మొక్కజొన్న, బెండకాయ వేసి గంటల తరబడి కలియబెట్టే వంటకం. వందలమందికి ఒకేసారి పెట్టాలంటే అలాగే వండాలి. ఆ ముక్క రాసి ఉంటే, రంజాన్ నెలలో హలీం బట్టీ దగ్గర కర్రలు పట్టుకుని దంచేవాళ్ళు ఇక్కడి పాఠకుడికి వాళ్ళంతట వాళ్ళే గుర్తొచ్చేవారు.

ఇక అసలు సంగతి. ‘హైదరాబాద్ రేసుల సంప్రదాయ వంటకం బిర్యానీ’ అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్యి. అలాంటి ముద్ర మలక్‌పేట రేస్‌కోర్సుకు ఎవరూ వేయలేదు. ఈ ఊళ్ళో రేసులు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. 1886లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వాటిని మలక్‌పేటకు తెచ్చారు. కెంటకీ డెర్బీ పుట్టింది 1875లో. అంటే అది మొదలైన పదకొండేళ్ళకే మన మలక్‌పేటలో గుర్రాలు పరిగెత్తాయి. ఇంత చరిత్ర చేతిలో ఉండగా లేని సంప్రదాయాన్ని అతికించాల్సిన పనేముంది?

నా తప్పు ఒకటి చెబుతాను. 1979లో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఓ పత్రికలో ప్రూఫ్‌రీడర్‌గా చేరాను. మా అమ్మమ్మగారి ఊళ్ళో ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టేవారు. గుగ్గిళ్ళు ఎడ్లకు, కట్టు ఇంటికి. దాంతోనే ఉలవచారు. ఉలవల్ని ఇంగ్లీషులో హార్స్ గ్రామ్ అంటారు కదా, ఇంకేముంది, మలక్‌పేట గుర్రాలు కూడా ఉలవలే తింటాయని నా తొలి వ్యాసంలో రాసేశాను. అది అచ్చయ్యాక గుర్రాల్ని చూసుకునే ఓ పెద్దవయసు సైసు నన్ను లాయంలోకి తీసుకెళ్ళాడు. కోపంగా ఒక్క మాట అనలేదు. నా అరచేయి చాపించి గుప్పెడు ఓట్స్ పోశాడు. తరవాత బార్లీ, గోధుమ తవుడు, లూసర్న్ గడ్డి, క్యారెట్లు ఒక్కొక్కటీ చూపించాడు. తడిపిన తవుడు వాసన ఇప్పటికీ గుర్తుంది, అచ్చం మా పశువుల కొట్టంలో కుడితి వాసన. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారే, ఆ సామెతలో ఎంత శ్రద్ధ ఉందో ఆ పొద్దున అర్థమైంది. పేరును నమ్మి రాశాను, కళ్ళతో చూడలేదు. బిర్యానీ విషయంలో నువ్వు చేసిందీ అదే.

ఇంకో లోపం. నీ వ్యాసంలో అందరూ తింటూనే ఉన్నారు. పస్తున్నవాడు ఒక్కడూ లేడు. జాకీని జీనుతో సహా తూకం వేసి గానీ పందెంలోకి పంపరు, గెలిచి వస్తే మళ్ళీ తూకం. గుర్రం మోయాల్సిన బరువు ముందే లెక్కకట్టి ఉంటుంది. ఆ లెక్క దాటకుండా ఉండాలని కడుపు మాడ్చుకుని, చెమట పట్టించి బరువు దించుకుంటారు. స్టాండ్‌లో సమోసాలు తినేవాడిని రాసినప్పుడు ఆ ఆకలిని కూడా పక్కనే రాయాలమ్మా.

సమోసా అంటే గుర్తొచ్చింది, ఇరానీ హోటల్‌ను నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు. అక్కడ ఇంకాస్త కూర్చోవాల్సింది. డికాక్షన్ వేరే, పాలు వేరే మరుగుతుంటాయి. ప్లేటు నిండా చిన్న ఉల్లి సమోసాలు తెచ్చి పెడతారు, తిన్నవాటికే డబ్బు. చాయ్ వన్ బై టూ చెప్పి, మధ్యలో ఆ రోజు గుర్రాల వివరాలుండే రేసు బుక్ పరుచుకుని ఇద్దరు కూర్చుంటారు. నేను చూసిన ఒకాయన బస్సు చార్జీ మాత్రం పై జేబులో విడిగా పెట్టుకునేవాడు. చేయి అటు పోకుండా ఆ జేబుకు పిన్నీసు పెట్టుకునేవాడు. ఆ పిన్నీసు రాయి.

ఆ తరవాత అలాంటి ఒకాయన ఇంటికి వెళ్ళు. నిజంగానే చెబుతున్నాను. సైదాబాద్‌లో మా పక్క వాటాలో ఉండే ఒకావిడ రేసు రోజుల్లో సాయంత్రం అన్నం వండి వార్చి ఊరుకునేది. కూర ఏమిటన్నది భర్త వచ్చాకే తేలాలి. చెప్పులు విడిచిన చప్పుడుతోనే ఆమెకు తెలిసిపోయేది. డబ్బొస్తే పిల్లాడు సంచీ పట్టుకుని మటన్‌కు పరిగెత్తేవాడు. రాకపోతే ఆమె మాట్లాడకుండా చింతపండు నానేసి, ఉల్లిగడ్డ తరిగి, పచ్చిమిర్చి కాల్చి నలిపి పచ్చిపులుసు కలిపేది. రేసులతో ముడిపడ్డ వంటకం ఏదని నన్నడిగితే నేను పచ్చిపులుసనే చెబుతాను. దానికి పొయ్యి మీద పెద్దగా పనుండదు, ఖర్చుండదు, ఉన్న అన్నం అంతా దాంతో తినెయ్యొచ్చు. ఎన్ని ఇళ్ళు ఆ పులుసుతో గట్టెక్కాయో.

మలక్‌పేటలో పెద్ద పందెం డెక్కన్ డెర్బీ ఎక్కువగా అక్టోబరు 2న ఉంటుంది. అప్పటికి ఇంకా టైముంది, టెన్షన్ పడకు. ఆ పచ్చిపులుసు ఆవిడ ఇప్పుడు కొడుకు దగ్గరే, అదే వీధిలో ఉంటున్నారు. నీ సంగతి చెప్పి ఉంచాను. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళు. పుస్తకం, పెన్ను అప్పుడే తీయకు, ముందు ఆమె పెట్టింది తిను.

ఆశీస్సులతో,
మాస్టారు